నెగటివ్ ఎవరి దగ్గర ఉంది?

కర్నూలు, కడప, ప్రొద్దుటూరు, ఆదోని, నంద్యాల బజార్లలో పాత ఫొటో స్టూడియోలు ఒకటొకటిగా మూతపడుతున్నాయి. కొన్నిచోట్ల అదే గదిలో కొడుకు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాడు. కొన్నిచోట్ల జిరాక్సు మిషను, పాస్‌పోర్టు ఫొటోల ప్రింటరు మిగిలాయి. స్టూడియో బోర్డు దిగిన రోజున డార్క్ రూమ్ సామాను బయటికి వస్తుంది. ఎన్‌లార్జరుకో, ఇనుప స్టాండ్లకో ఎంతో కొంత రేటు కట్టే మనిషి దొరుకుతాడు. అట్టపెట్టెల్లో, బిస్కెట్ డబ్బాల్లో పేర్చి ఉన్న నెగటివ్‌లకు మాత్రం రేటు లేదు. ఊరి పెళ్లిళ్లు, తిరునాళ్లు, బడి గ్రూపు ఫొటోలు, సర్పంచి ఊరేగింపులు, చంటిపిల్లల తొలి బొమ్మలు అన్నీ వాటిలోనే ఉన్నాయి. ముప్పై నలభై ఏళ్ల ఊరి చరిత్ర చెత్తబండి ఎక్కుతుంటే ఎవరికీ పట్టడం లేదు.

ఫిల్మ్ వదిలి డిజిటల్‌కు ఎప్పుడు మారాలన్న ప్రశ్న తీరిపోయి చాలా కాలమైందని మనం అనుకుంటున్నాం. నిజానికి అందులో సగమే తీరింది. కెమెరా మారింది. దాచుకునే పద్ధతిని మార్చుకోవాలన్న సంగతి మరిచాం.

ఇరవయ్యేళ్ల కిందట ఈ ప్రశ్న ఈ ప్రాంతపు ఫొటోగ్రాఫర్లను నిద్రపోనివ్వలేదు. 2003లో కెనాన్ 300డి, మరుసటి ఏడాది నికాన్ డి70 వచ్చాక, ఆరు మెగాపిక్సెళ్ల ఎస్సెల్లార్ కెమెరా మామూలు స్టూడియో యజమాని అప్పుచేసైనా కొనగలిగే స్థితికి వచ్చింది. ఒక పక్కనుంచి చూస్తే లెక్క తేలిక. రీలుకు 36 ఫొటోలు, నొక్కిన ప్రతిసారీ డబ్బు. రీలు మార్చే వేళకే తలంబ్రాలు మొదలైతే ఆ క్షణం మళ్లీ రాదు. కొత్త కెమెరాతో ఆ బెంగలన్నీ తీరతాయి. ఇంకో పక్కనుంచి చూస్తే గుండె దడే. కెమెరా ఒక్కటే కొంటే సరిపోదు. కంప్యూటరు కావాలి, ఫొటోషాప్ తెలిసిన కుర్రాడు కావాలి, కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్ కావాలి. ఇన్ని కొన్నా రెండేళ్లు తిరక్కముందే ఇంకో మోడల్ వచ్చి కొన్నదాని విలువ పడిపోయేది. చేతిలో ఉన్న పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం2లు చూస్తే, కొని ఎన్నేళ్లయినా మొరాయించని కెమెరాలు. వాటిని పక్కన పెట్టడానికి చేయి రాకపోవడంలో తప్పేముంది?

ఆ నిర్ణయంలో ఇక్కడి ఎండకూ వాటా ఉంది. కలర్ నెగటివ్‌కు ఒక మంచి గుణం ఉంది. వెలుతురు కాస్త ఎక్కువ పడినా అది ఓర్చుకుంటుంది. మిట్టమధ్యాహ్నం నాపబండల మీద నిలబెట్టి తీసినా, తెల్లపంచె మడతలు ప్రింటులో నిలిచేవి. తొలినాటి డిజిటల్ కెమెరాలకు ఆ ఓర్పు తక్కువ. అదే ఎండలో అదే పంచె మడతల జాడ లేకుండా ముద్దగా తెల్లబడేది. దుమ్ముది మరో తంటా. ఫిల్మ్ కెమెరాలో నొక్కిన ప్రతిసారీ కొత్త ఫిల్మ్ ముందుకు వస్తుంది కాబట్టి, పడిన దుమ్ము ఒక ఫొటోతో పోయేది. డిజిటల్ కెమెరాలో సెన్సరు ఒకటే. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు గనుల దారుల్లో లెన్సు మారిస్తే, ఒక్క రేణువు చాలు, ఆ రోజు తీసిన ప్రతి ఫొటోలోనూ అదే చోట మచ్చ. అలాగని ఫిల్మ్‌కు ఈ వాతావరణం సుఖమనీ కాదు. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో మరిచిపోయిన రీలుకు రంగులు చెడిపోవడం ఇక్కడ ఎవరూ చెప్పక్కర్లేని పాఠం.

చివరికి తేదీ ఖాయం చేసింది ల్యాబు. ఫిల్మ్ కడిగే రసాయనానికి రోజూ తగినన్ని రీళ్లు పడాలి. రీళ్లు తగ్గితే రసాయనం బలం తప్పుతుంది, రంగులు గాడి తప్పుతాయి. రీళ్లు పలచబడేకొద్దీ ల్యాబులు రోజూ కడగడం మాని, వారానికి రెండు రోజులకు దిగి, ఆపై పూర్తిగా మానుకున్నాయి. కడిగేవాళ్లు లేని రీలు కొనేదెవరు? లోకమంతా అదే వరస. 2006లో కొనికా మినోల్టా కెమెరాల వ్యాపారమే వదిలేసింది. అదే ఏడాది నికాన్ చాలా మటుకు ఫిల్మ్ కెమెరాల తయారీ నిలిపేసింది. 1960లో ప్రభుత్వం స్థాపించగా, ఊటీలో ‘ఇందు’ పేరుతో ఫిల్మ్ తయారుచేసిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అంతకుముందే ఖాయిలా పడింది. ఆలస్యం చేస్తే మునుగుతారనడానికి అందరూ కొడాక్ కథ చెబుతారు. 1975లో ఆ సంస్థ ఇంజినీరు స్టీవ్ సాసన్ తొలి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. మూడున్నర కిలోల పైచిలుకు బరువు, ఒక్క బొమ్మను క్యాసెట్టులోకి ఎక్కించడానికి 23 సెకన్లు. ఆ కెమెరాను పుట్టించిన సంస్థే 2012 జనవరిలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. వ్యాపారం చేసేవాళ్లకు ఆ పాఠం సరే. ఫొటోలు దాచుకునేవాళ్లకు వేరే పాఠం కావాలి.

మారడం తప్పని ఎవరూ అనలేరు. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లినవాళ్ల కుటుంబాలను అడిగితే చాలు. బిడ్డ పుట్టాక స్టూడియోకు ఎత్తుకుపోయి ఫొటో తీయించి, ప్రింటు వచ్చాక కవరులో పెట్టి పోస్టు చేస్తే, తండ్రి ఆ ముఖం చూసేసరికి వారాలు గడిచేవి. ఇవాళ బిడ్డ కళ్లు తెరిచిన గంటలోపే ఎడారి దేశంలో తండ్రి ఫోనులో ఆ ముఖం ఉంటుంది. అది చిన్న మేలు కాదు. విలేకరుల సంగతీ అంతే. ఒకప్పుడు మారుమూల మండలంలో తీసిన రీలు బస్సెక్కి పత్రికాఫీసు చేరితేగాని మరుసటి రోజు పేజీలో బొమ్మ లేదు. 2009 సెప్టెంబరులో పావురాలగుట్ట హెలికాప్టర్ ప్రమాదం నాటికీ, ఆ తర్వాతి నెల కర్నూలు వరద నాటికీ ఆ ఎదురుచూపు తీరిపోయింది.

అడవికీ మేలే జరిగింది. లంకమల చిట్టడవుల్లో ఉండే కలివికోడి 1900 తర్వాత కంటపడక, అంతరించిపోయిందని లోకం అనుకుంది. 1986 జనవరిలో సిద్దవటం ప్రాంతంలోని రెడ్డిపల్లి దగ్గర అది మళ్లీ దొరికింది. రాత్రిపూట మాత్రమే తిరిగే ఆ పిట్ట కోసం పరిశోధకులు 2000 తర్వాత నేల మీద అడుగుజాడల పట్టీలు పరిచారు, వాటంతటవే నొక్కుకునే కెమెరాలు అమర్చారు. రీలుతో నడిచే అలాంటి కెమెరా 36 సార్లు నొక్కుకుంటే ఆగిపోతుంది. ఎదురుగా మేక నడిచినా, కుందేలు ఎగిరినా రీలు ఖర్చే. ఇప్పటి డిజిటల్ కెమెరా వేల ఫొటోలు తీస్తూ వారాల తరబడి అడవిలో కాపలా ఉంటుంది. ఇలాంటి పనికి ఎంత తొందరగా మారితే అంత మేలు.

మారినప్పుడు ఏం చేజారిందో మాత్రం ఆ రోజుల్లో ఎవరూ గమనించలేదు. ఫిల్మ్ కాలంలో మనం ఇంటికి తెచ్చుకున్నది ప్రింటు. అసలు, అంటే నెగటివ్, స్టూడియోలోనే ఉండేది. పదేళ్ల తర్వాత ఒకరు వచ్చి, ‘అన్నా, మా నాయన ఫొటో నెగటివ్ ఉండాదా?’ అని అడిగేవారు. ఇంట్లో మనిషి పోయి, గోడకు తగిలించడానికి ఒంటరి ఫొటో ఒక్కటీ లేనప్పుడు, ఎవరి పెళ్లిలోనో గుంపులో నిలబడిన ముఖాన్ని నెగటివ్‌లో వెతికి, పెద్దది చేసి, చెదిరినచోట టచింగ్ చేసి చేతికిచ్చేవారు. సంవత్సరమో, ఊరో, ఇంటి పేరో చెబితే చాలు, పెట్టె దించేవారు. ఎవరూ పురమాయించకుండానే, జీతం అడగకుండానే ఆ స్టూడియోలు ఊరికి దస్తావేజుల గదులుగా పనిచేశాయి.

డిజిటల్‌తో ఆ పూచీ చప్పుడు లేకుండా ఇంటికి బదిలీ అయింది. ఇప్పుడు స్టూడియో పెళ్లి ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో పోసి, కరిజ్మా ఆల్బమ్‌తో పాటు ఇచ్చేస్తుంది. తర్వాతి పెళ్లికి డిస్కులో చోటు కావాలి కాబట్టి కొన్నాళ్లకు తుడిచేస్తుంది. అందులో వాళ్ల తప్పు లేదు. వేల ఫొటోలను ఏళ్ల తరబడి దాచడానికి ఎవరూ వాళ్లకు రూపాయి ఇవ్వడం లేదు. కానీ పెన్‌డ్రైవ్ అందుకున్న ఇంటివాళ్లకు, ఇకపై అసలు తమ దగ్గరే ఉందని, అది పోతే ఊళ్లో ఇంకెక్కడా లేదని చెప్పినవారు లేరు. అది బీరువాలో నగల పెట్టె పక్కకు చేరింది. ఫోనులో తీసినవి ఫోనులోనే ఉన్నాయి. వాట్సాప్‌లో పంపుకున్నవి కుదించుకుపోయిన నకళ్లు. అసలున్న ఫోను పాతదైపోయి, కొత్తదాని కింద మార్పిడికి పోయింది. రాయలసీమలో చాలా ఇళ్లలో ఆల్బమ్‌లు 2005కో 2008కో వచ్చి ఆగిపోయాయి. ఆ తర్వాత పుట్టిన బిడ్డలకు ఫొటోలు వేలున్నాయి, చేతితో తిరగేయడానికి ఒక్క పేజీ లేదు.

ఈ సీమకు ఈ విషయంలో మిగతా ప్రాంతాల కంటే ఎక్కువ పట్టింపు ఉండాలి. మనవి నీళ్లు లేక అల్లాడిన ఊళ్లు, నీళ్ల కోసం మునిగిన ఊళ్లు. 1981లో శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద గ్రామాలు మునిగాయి. గుళ్లలో కొన్నింటిని రాయి రాయి విప్పి వేరేచోట కట్టారు. కర్నూలు జగన్నాథగట్టు మీదున్న రూపాల సంగమేశ్వరాలయం అలా వచ్చిందే. ఇళ్లను అలా తేలేకపోయారు. ఆ వీధులు, రచ్చబండలు, బావిగట్లు, కళ్లాలు ఎలా ఉండేవో చూపాలంటే ఈ రోజుకీ ఆధారం అప్పటి నలుపు తెలుపు ఫొటోలే. అవి ఉన్నాయంటే, కెమెరా ఉన్నవాళ్లు అప్పట్లో వేళ్ల మీద లెక్కించేంత మందే అయినా, నెగటివ్ ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండబట్టే.

2020లో గండికోట జలాశయం నింపేటప్పుడు కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. అప్పటికి ఇంటికి రెండు మూడు ఫోన్లున్నాయి. గడప దాటే ముందు జనం తీసుకున్న ఫొటోలకు లెక్కే ఉండదు. 1981లో మునిగిన ఊరి ఫొటో నలభై ఏళ్ల తర్వాతా చేతికి అందుతోంది. 2020లో మునిగిన ఊరి ఫొటో 2060లో ఆ ఊరివాళ్ల మనవళ్ల చేతికి అందుతుందా? ఈ రెండో ప్రశ్నకు ధైర్యంగా అవునని చెప్పగలిగిన రోజునే మన మార్పు సరిగ్గా జరిగిందనుకోవాలి.

నీళ్లు మనకు ఇంకో పాఠం కూడా చెప్పాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డప్పుడు బీరువాలు, ట్రంకు పెట్టెలు, స్టూడియోల అరలు బురదలో మునిగాయి. ఆల్బమ్‌లు పోయాయి. కంప్యూటర్లూ పోయాయి. ఏ రకం ఫొటో అయినా ఒకేచోట, ఒకే ప్రతిగా ఉంటే వరదకు తేడా తెలియదు. తడిసిన ప్రింటునూ, నెగటివ్‌నూ కాపాడుకునే దారి ఒకటుంది. అవి తడిగా ఉండగానే ఒకదాన్నించి ఒకటి వేరుచేసి, మంచినీళ్లలో మెల్లగా కడిగి, నీడలో ఆరబెట్టాలి. ముద్దగా ఎండిపోయాక మాత్రం విడదీయలేం. 2011 సునామీ తర్వాత జపాన్‌లో స్వచ్ఛంద సేవకులు బురదలో దొరికిన లక్షల ఫొటోలను ఇలాగే ఒక్కొక్కటిగా కడిగి సొంతదారులకు చేర్చారు. కర్నూలులో ఆ సంగతి తెలిసినవారు ఆ వేళకు మన పక్కన ఉంటే ఎన్ని పెళ్లి ఫొటోలు మిగిలేవో. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్లను ఊడ్చినప్పుడూ ఇదే నష్టం.

అయితే వరదకు అందని గుణం డిజిటల్‌కు ఒకటుంది. నకలు అసలుకు ఏమాత్రం తీసిపోదు, ఖర్చూ దాదాపు లేదు. కర్నూలులో ఒకటి, హైదరాబాదులో కూతురి దగ్గర ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉంటే ఏ నది ఉప్పొంగినా మూడూ ఒకేసారి పోవు. ఫిల్మ్‌కు ఈ వరం లేదు. ఫిల్మ్‌కున్న వరం వేరు. మర్చిపోయినా అది బతుకుతుంది. బాగా కడిగి హైపో రసాయనం వదిలించిన నలుపు తెలుపు నెగటివ్, ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వానే పడే ఈ పొడి నేలలో, తేమ తగలని అరలో, పట్టించుకునేవారు లేకున్నా తరాలు నిలుస్తుంది. కలర్ నెగటివ్ అంత నిలవదు. ఎండవేడికి దాని రంగులు ఏటేటా తగ్గుతాయి. డిజిటల్ ఫొటోకు మాత్రం మరపే శత్రువు. దాన్ని కొన్నేళ్లకొకసారి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మనిషి చేత్తో దాటించాలి. దాటించడం మానిన తరంతో అది ఆగిపోతుంది.

అందుకే అన్నిటికంటే ఎక్కువ ముప్పు పూర్వకాలపు ఫొటోలకు కాదు, 2003 నుంచి 2012 దాకా తీసినవాటికి. ఆ పదేళ్ల పెళ్లిళ్లు, పుట్టినరోజులు సీడీల్లో, డీవీడీల్లో ఇచ్చారు. సీడీలోని రంగుపొర వేడికీ వెలుతురుకూ చెడుతుంది. ఈ ఊళ్లలో వేడికి కరువు లేదు. చెడకపోయినా, కొత్త కంప్యూటర్లలో సీడీ పెట్టే అరే లేదు. ఆ కాలపు ఫోనుల మెమరీ కార్డులు ఏ సొరుగులో ఉన్నాయో ఎవరికీ గుర్తులేదు. ఫిల్మ్ ఆగిపోయి, దాచుకునే అలవాటు ఇంకా రాని సంధికాలం అది. ఆ సంధిలో పుట్టిన పిల్లలు ఇప్పుడు బడుల్లో, కాలేజీల్లో ఉన్నారు. తమ చిన్నప్పటి ఫొటోలేవని వాళ్లు అడిగే వేళ వచ్చేసింది.

ఎప్పుడు మారాలో, ఎలా మారాలో కడప రెండు వందల ఏళ్ల కిందటే చూసింది. 1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్, శిథిలమవుతున్న తాళపత్రాలను సేకరించి, పండితులకు జీతాలిచ్చి కాగితం మీద నకళ్లు రాయించారు. ఒకే కావ్యపు ప్రతులు అనేకం తెప్పించి, పక్కపక్కన పెట్టి పాఠాన్ని సరిచూయించారు. ఆ సేకరణ ఈనాటికీ చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో పరిశోధకులకు అందుతోంది. కాగితం మేలని తెలియగానే ఆయన తాటాకును పారేయలేదు. తాటాకు చదవగలిగిన పండితులు బతికుండగానే నకలు తీయించారు. పాతదాన్ని చదవగలిగిన మనుషులు మన మధ్య ఉన్నప్పుడే దాన్ని కొత్తదాంట్లోకి చేర్చాలి. మారడానికి అదే సరైన సమయం.

ఫొటోలకు ఆ పండితులు మన ఇళ్లలోనే ఉన్నారు. గ్రూపు ఫొటోలో రెండో వరసలో నిలబడినామె ఎవరో, వెనక కనిపించే సత్రం ఏ ఊరిదో చెప్పగలిగినది డెబ్బై దాటిన జేజి ఒక్కతే. పేరు తెలియని ముఖాన్ని ఎంత గొప్ప స్కానరు పట్టినా, అది అపరిచితుల ముఖమే. నెగటివ్ ఇంకో యాభై ఏళ్లు ఆగగలదు, జేజి ఆగలేదు. కాబట్టి తొందరపడాల్సింది ఆమె జ్ఞాపకం కోసం. ఈ వేసవి సెలవుల్లో పిల్లలు ఆల్బమ్ పట్టుకుని ఆమె పక్కన కూర్చోవాలి. ఆమె చెప్పిన పేర్లు, ఊళ్లు, వరసలు ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో రాయాలి, ఆమె గొంతునూ ఫోనులో పట్టుకోవాలి. సీడీల్లో ఉన్నవి వెంటనే డిస్కుకు ఎక్కించి, నకలు వేరే ఊళ్లో ఉన్న బంధువుకు పంపాలి. ఉగాదికో సంక్రాంతికో ఆ ఏడు తీసిన వేల ఫొటోల్లోంచి ఓ యాభై ఎంచి కడిగిస్తే, ఆగిపోయిన ఆల్బమ్ మళ్లీ నడుస్తుంది.

స్టూడియోల నెగటివ్‌లను కాపాడటం ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. బ్రౌన్ ఇంటి స్థలంలో వెలసిన గ్రంథాలయం ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఉంది. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఉంది. ఈ రెండు చోట్లా విద్యార్థులున్నారు. మూతపడుతున్న స్టూడియోల యజమానులను కలిసి, పెట్టెలు అడిగి తెచ్చి, సంవత్సరం, ఊరు రాసి, వెలుగు పలక మీద నెగటివ్ పరిచి మంచి కెమెరాతో నకలు తీయడం వాళ్లకు చదువూ అవుతుంది, సేవా అవుతుంది. ఖరీదైన స్కానింగ్ యంత్రాలు లేకపోయినా మొదలుపెట్టవచ్చు. కుటుంబాల సొంత ఫొటోలు కాబట్టి ఆ ఇళ్ల అనుమతి అడగడం, వద్దన్నవి బయట పెట్టకపోవడం మర్యాద. జీవితమంతా చీకటి గదిలో మందుల వాసన పీల్చి ఊరి ముఖాలను నిలబెట్టిన ఆ ఫొటోగ్రాఫర్లకు కాస్త గౌరవ వేతనం ఇచ్చి, పెట్టెల్లో ఏముందో వాళ్లచేతే చెప్పించడం కనీస ధర్మం.

ఫిల్మ్ నుంచి డిజిటల్‌కు ఎప్పుడు మారాలని ఎవరైనా ఇప్పుడు అడిగితే ఒకటే జవాబు. కొత్త కెమెరా కొన్న రోజున మనం మారలేదు. ఫిల్మ్ మీద ఉన్నదంతా పేర్లతో సహా కొత్తదాంట్లోకి చేరి, కొత్తదాన్ని కాపాడే పూచీ ఎవరిదో తేలిన రోజున మారినట్టు. ఆ లెక్కన కర్నూలు, కడప జిల్లాలు ఇంకా మారే దారిలోనే ఉన్నాయి. విశ్వవిద్యాలయాలు ఈ విద్యాసంవత్సరంలోనే ఆ పనికి చేయి వేయాలి. ఇళ్లలో మనం అంతవరకూ కూడా ఆగనక్కర్లేదు.